ముందు ఎండ లెక్క, తర్వాతే కెమెరా లిస్టు

సినిమాటోగ్రాఫర్ అడ్వాన్స్ తీసుకున్న రోజు నుంచి అందరూ అతన్ని అడిగేది ఒకటే: ఏ కెమెరా, ఏ లెన్సులు? ప్రొడక్షన్ మేనేజర్‌కి రెంటల్ కొటేషన్ కావాలి, దర్శకుడికి కొత్త లెన్సుల మీద మోజు, నిర్మాతకి ప్రెస్‌మీట్‌లో చెప్పుకోవడానికి ఒక పేరు కావాలి. ఈ ప్రశ్న రెండు రోజుల్లో తేలిపోతుంది. తేలకపోయినా కొంపలేమీ మునగవు. ఇవాళ అద్దెకి దొరికే మంచి కెమెరాలన్నీ థియేటర్ తెరకి సరిపోయేవే. కొంప మునిగేది ఏ సీను, ఏ చోట, ఏ నెలలో, ఎన్నింటికి తీస్తారన్న దగ్గర. చాలా యూనిట్లలో ఆ నిర్ణయం సినిమాటోగ్రాఫర్ లేనప్పుడే జరిగిపోతుంది. ఆర్టిస్టుల డేట్లు ముందేసుకుని డైరెక్షన్ డిపార్ట్‌మెంట్ షెడ్యూల్ వేస్తుంది, ఇతనికి వాట్సాప్‌లో పీడీఎఫ్ వస్తుంది.

షెడ్యూల్ మొదటి డ్రాఫ్ట్ పడకముందే సినిమాటోగ్రాఫర్ ఆ గదిలో ఉండాలన్నది నా వాదన. అతను మొదట ఇవ్వాల్సింది టైముల కాగితం. కెమెరా లిస్టు ఆ కాగితంలోంచే పుడుతుంది.

గాల్లో మాట్లాడకుండా ఒక కేసు తీసుకుందాం. కోనసీమ పల్లెటూరి కథ. రెక్కీ, అంటే లొకేషన్లు చూసి రావడం, ఫిబ్రవరిలో, షూటింగ్ మేలో. మన దగ్గర ఇది రోజూ జరిగేదే.

అమలాపురం భూమధ్యరేఖకి ఉత్తరంగా 16.6 డిగ్రీల దగ్గరుంది. అంటే ఏడాదికి రెండుసార్లు, మే మొదటి వారం చివర, మళ్ళీ ఆగస్టు మొదటి వారం చివర, సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. హైదరాబాద్‌లో అయితే మే 9, ఆగస్టు 3 ప్రాంతంలో. మన గడియారాలు నడిచే 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర్నుంచే పోతుంది కాబట్టి కోనసీమలో మిట్టమధ్యాహ్నం అంటే గడియారంలో కూడా దాదాపు పన్నెండే. మే రెండో వారంలో సూర్యుడు ఉదయం 7 గంటలకి 19 డిగ్రీల ఎత్తున ఉంటాడు, 8కి 33, 9కి 47, 10కి 61. ముఖం మీద ఎండ 45 డిగ్రీలు దాటిందంటే కనుబొమ్మల నీడ కళ్ళ మీద పడడం మొదలవుతుంది. 60 దాటితే కళ్ళు రెండు నల్లటి గుంటలే, ముక్కు నీడ పెదవి దాకా దిగుతుంది. అంటే మేలో 9 నుంచి 3 దాకా ఆరుబయట ముఖాలు తీయడానికి పనికొచ్చే ఎండ లేదు. అదే డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీలు దాటడు, ఉదయం 10 గంటలకి 40 డిగ్రీలే. రోజంతా తీసుకోవచ్చు. ఊరు అదే, వీధి అదే, ఆర్టిస్టులు కూడా వాళ్ళే. మేలో ఆరు గంటలు పోతాయి, డిసెంబరులో పోవు. కెమెరా బాడీ మార్చి ఈ ఆరు గంటలు తెచ్చుకోలేరు.

"స్కిమ్మర్ కడితే సరి" అంటారు, అంటే ఎండని మెత్తబరచడానికి తలల పైన కట్టే పెద్ద తెల్లబట్ట. కట్టొచ్చు, క్లోజప్‌కి బాగానే పనిచేస్తుంది. 20×20 అడుగుల స్కిమ్మర్ కింద ఇద్దరు మనుషులు మిడ్ షాట్ దాకా పడతారు. అంతకంటే వైడ్ వేస్తే బట్ట నీడ అంచు నేల మీద కనిపిస్తుంది. బట్ట కింద ముఖం మీద వెలుగు ఒకటిన్నర, రెండు స్టాపులు తగ్గుతుంది (ఒక స్టాపు అంటే వెలుగు సగం కావడం), వెనకున్న రోడ్డు మాత్రం పూర్తి ఎండలో మండుతూ ఉంటుంది. ఇక గాలి సంగతి. 20×20 అంటే 400 చదరపు అడుగుల తెరచాప. గంటకి 30 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే దాని మీద పడే తోపు దాదాపు 160 కిలోలు. కోనసీమలో మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి లేస్తుంది. నాలుగు మూలలా నలుగురు మనుషుల్ని నిలబెట్టి "గట్టిగా పట్టుకోండిరా" అంటే సరిపోదు. మూలకి రెండేసి తాళ్ళు, నేలలో దిగ్గొట్టిన మేకులు, ఇసుక బస్తాలు, వీటన్నిటికీ ముందు గాలి ఎక్కువైతే దించేయమని చెప్పే అధికారం ఉన్న మనిషి ఒకరు కావాలి. అప్పుడు డైరెక్టర్ షాట్ మధ్యలో ఉన్నా సరే దించాల్సిందే.

దిక్కుల గొడవ ఇంకోటి ఉంది. ఉత్తరాయణం, దక్షిణాయనం అని పంచాంగంలో చదివి వదిలేస్తాం గానీ, రెక్కీలో దాని దెబ్బ నేరుగా తగులుతుంది. ఫిబ్రవరి 10న సూర్యుడు తూర్పుకి 15 డిగ్రీలు దక్షిణంగా ఉదయిస్తాడు, మే 10న 18 డిగ్రీలు ఉత్తరంగా. తేడా 33 డిగ్రీలు. ఫిబ్రవరిలో పొద్దున్నే వంటింటి కిటికీలోంచి పొయ్యి మీదకి పడ్డ ఎండ చూసి దర్శకుడు సీను రాసుకుంటాడు. మేలో ఆ ఎండ పక్కింటి గోడ మీద పడుతుంది. మండువా లోగిలి అయితే తేడా మరీ స్పష్టం. చూరు ఎత్తు 8 అడుగులనుకుంటే, మేలో మిట్టమధ్యాహ్నం ఎండ చట్రం నేరుగా మండువా నేల మీదే పడి, అక్కణ్ణుంచి ఎగదన్ని వసారాలన్నీ మెత్తగా వెలుగుతాయి. డిసెంబరులో అదే చట్రం దాదాపు 7 అడుగులు ఉత్తరానికి జరిగి గోడెక్కుతుంది. రెండూ బాగుంటాయి, కానీ రెండూ ఒక సీను కావు. మేలో 9 నుంచి 3 దాకా ఏం తీయాలన్న ప్రశ్నకి జవాబు కూడా ఇక్కడే ఉంది: మండువాలో, అరుగు మీద, వంటింట్లో జరిగే సీన్లన్నీ ఆ ఆరు గంటల్లో పెట్టుకోవాలి.

కొబ్బరితోటలో నీడ ఉంటుంది కదా అని చాలామంది అక్కడికి పరిగెడతారు. మట్టల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు గాలికి కదులుతూ ముఖం మీద ఆడతాయి. ఒక టేకులో నుదురు మీద, ఇంకో టేకులో చెంప మీద. ఎడిట్‌లో రెండూ అతకవు. తోటలో కూడా ముఖాల పైన చిన్న స్కిమ్మరో నల్లబట్టో కట్టి, ఆ మచ్చల్ని వెనకే ఉండనివ్వడం మేలు.

రెక్కీకి ఫోనులో సూర్యుడి దారి చూపించే యాప్ చాలు. ఒక జాగ్రత్త: కారు పక్కన, ఇనుప గేటు పక్కన నిలబడితే ఫోను దిక్సూచి పది, పదిహేను డిగ్రీలు తప్పు చూపిస్తుంది. పది అడుగులు పక్కకి వచ్చి, మామూలు దిక్సూచితో సరిచూసుకుని, వీధి ఏ దిక్కుకి పోతుందో రాసుకోవాలి. యాప్‌లో షూటింగ్ తేదీ పెట్టాలి, రెక్కీ తేదీ కాదు. నవ్వొచ్చే మాటే గానీ, ఎక్కువమంది తప్పేది అక్కడే.

ఎండ సంగతి అలా ఉంచితే, ఫిబ్రవరిలో చూసిన ఊరు మేలో ఉండనే ఉండదు. డెల్టాలో దాళ్వా (రబీ) పంట ఫిబ్రవరిలో పచ్చగా, కాలవలు నిండుగా ఉంటాయి. ఏప్రిల్‌లో కోతలు అయిపోతాయి, మరమ్మతులకి కాలవలు కట్టేస్తారు, జూన్‌లో సార్వాకి (ఖరీఫ్‌కి) నీళ్ళు వదిలేదాకా అడుగున బురద, గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సంచులే. పడవ సీను, పచ్చటి చేలో పాట రాసుకున్న దర్శకుడికి ఎండిపోయిన మోళ్ళు దొరుకుతాయి. రెక్కీ రోజున ఊళ్ళో ఒక రైతునీ, కాలవల మీద నీళ్ళు చూసే నీటిపారుదల లస్కర్‌నీ అడిగితే పది నిమిషాల్లో తేలే విషయమిది. అడిగాక ఏం చేయాలన్నదే ప్లానింగ్. కాలవ సీన్లు విడదీసి చిన్న యూనిట్‌తో మార్చిలోనే తీసేయొచ్చు. లేదా కట్టెయ్యని గోదావరి పాయ దగ్గరికి సీను మార్చుకోవచ్చు. మేలో తీసి గ్రాఫిక్స్‌లో నీళ్ళు నింపుదామనే ఆలోచన మాత్రం కొటేషన్ వచ్చేదాకే బాగుంటుంది.

ఇక్కడొక న్యాయమైన అభ్యంతరం వస్తుంది. "హీరో డేట్లు మేలోనే ఉన్నాయి. నీ సూర్యుడి కోసం ఆయన ఆగుతాడా?" ఆగడు. అందుకే నెల మన చేతిలో లేనప్పుడు గంట అయినా మన చేతిలో ఉండాలంటున్నాను. ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే సీను తీసుకోండి. మామూలుగా వైడ్, తర్వాత ఒకరి క్లోజప్‌లు, తర్వాత రెండోవాళ్ళవి, అన్నీ వరసగా. దాన్నే దిక్కుల ప్రకారం కోసుకోవచ్చు. ఉదయం 6 నుంచి 8.30 దాకా కెమెరా తూర్పుకి చూస్తూ ఒకరి వైపు మొత్తం తీసేయాలి, సాయంత్రం 3.30 తర్వాత పడమటికి చూస్తూ రెండోవాళ్ళ వైపు. ఇద్దరికీ వెనకనుంచే ఎండ, ముఖం మీద థర్మాకోల్ బోర్డు నుంచి ఎగదన్నిన వెలుగు, కళ్ళలో మెరుపు. తెర మీద చూసేవాడికి ఇద్దరి వెనకా సూర్యుడున్నాడన్న అనుమానం రాదు. మధ్యలో లోగిలి సీను పెడతారు. దీనివల్ల ఆర్టిస్టు రోజులో రెండుసార్లు కాస్ట్యూమ్ మార్చాలి, కంటిన్యూటీ చూసే అసిస్టెంట్‌కి పని పెరుగుతుంది. ఆ బేరం ముందే ఆడాలి, లొకేషన్‌లో ఆడితే గొడవవుతుంది.

సంధ్యవేళ సీన్ల దగ్గర మరీ మొహమాటం లేకుండా మాట్లాడాలి. దర్శకులు చూపించే రిఫరెన్సులు ఎక్కువగా యూరప్‌వి. లండన్‌లో జూన్ నెలలో సూర్యుడు మునిగాక ముప్పావుగంట పైగా వెలుగు నిలుస్తుంది. మన అక్షాంశంలో సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా దిగిపోతాడు, 22, 23 నిమిషాల్లో పని ముగుస్తుంది. అందులోనూ ఆకాశం, ముఖం రెండూ సరిగ్గా సరితూగేది మధ్యలో ఓ పది నిమిషాలు. మూడు పేజీల డైలాగు సీను ఒక్క సాయంత్రంలో అందులో పట్టదు. మూడు సాయంత్రాలకి పంచాలి, లేదా వైడ్‌లు మాత్రం ఆ వేళలో తీసి, క్లోజప్‌లు పెద్ద నల్లబట్ట కింద, అదే రంగు లైటుతో, అదే ఎత్తు నుంచి వెలిగించి కలపాలి. ఏ దారైనా షెడ్యూల్‌లో గీత గీసి ఉండాలి. "సాయంత్రం సీను 42" అని ఒక్క ముక్క రాస్తే ఆ రోజు పోయినట్టే.

టైము తర్వాత కరెంటు. దీని గురించి మన బ్లాగుల్లో, ఇంటర్వ్యూల్లో ఎవరూ మాట్లాడరు. లెన్సు గ్లాసు గురించి గంట చెప్పేవాళ్ళు న్యూట్రల్ వైరు గురించి నిమిషం చెప్పరు.

జనరేటర్ వ్యాన్ అనగానే "62.5 చాలా, 125 కావాలా" అని అడుగుతారు. 62.5 కేవీఏ అంటే 0.8 పవర్ ఫ్యాక్టర్‌తో 50 కిలోవాట్లు. పగటి వెలుగు రంగులో వెలిగే 18 కిలోవాట్ల హెచ్ఎంఐ లైటు ఒకటి, చిన్న లైట్లు నాలుగు కలిపితే 30 కూడా దాటదు, చాలు అనిపిస్తుంది. కానీ ఆ 50 మూడు ఫేజుల మధ్య పంచి ఉంటుంది, ఫేజుకి సుమారు 87 ఆంపియర్లు. సింగిల్ ఫేజ్ బాలాస్ట్ (లైటుకి కరెంటు సర్దే పెట్టె) మీద నడిచే ఆ 18 కిలోవాట్ల లైటు ఒక్కటే 80 ఆంపియర్లు దాటుతుంది. ఒక ఫేజు నిండిపోయింది, మిగిలిన రెండూ ఖాళీ. ఇంజిన్ ఊగుతుంది, వోల్టేజి ఫేజుకో రకంగా కొట్టుకుంటుంది. 125 కేవీఏలో ఫేజుకి 174 ఆంపియర్లు దొరుకుతాయి కాబట్టి ఊపిరాడుతుంది. కాబట్టి చీఫ్ లైట్‌మన్‌తో కూర్చుని మొత్తం కిలోవాట్లు కూడితే సరిపోదు. ఏ లైటు ఏ ఫేజు మీద అన్నది కాగితం మీద రాసి, ఫేజుకి 75 శాతం దగ్గర ఆపాలి. ఇంకో ప్రమాదం వదులైన న్యూట్రల్. అది ఊడితే కొన్ని లైట్లకి 230 బదులు 400కి దగ్గరగా వోల్టేజి పోతుంది. పాత టంగ్‌స్టన్ లైటులో బల్బు పోయేది, మారిస్తే సరి. ఎల్ఈడీ ప్యానెల్‌లో లోపలి సర్క్యూటే కాలిపోతుంది, దానికి స్పేరు లారీలో ఉండదు.

షూటింగ్‌లోనే మాటలు రికార్డు చేసే సింక్ సౌండ్ సినిమా అయితే జనరేటర్‌ని దూరంగా పెట్టమంటారు. వంద మీటర్ల 4 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, పోనూ రానూ 200 మీటర్లు, దాదాపు ఒక ఓమ్ నిరోధం. 20 ఆంపియర్లు లాగితే 19 వోల్టులు దారిలోనే పోతాయి. టంగ్‌స్టన్ ఎర్రబారుతుంది, కొన్ని బాలాస్టులు అలిగి ఆగిపోతాయి. 16 చదరపు మిల్లీమీటర్ల కేబుల్ వేస్తే పోయేది 5 వోల్టులే. బరువు ఎక్కువ, లాగడానికి మనుషులు ఎక్కువ. ఆ మనుషుల లెక్క ముందే రాయకపోతే పొద్దున్న 5 గంటలకి ఉన్నవాళ్ళే లాగాలి. కోనసీమలో దీనికి తోడు వంతెనలు. వ్యాన్ ఆ చిన్న వంతెన ఎక్కుతుందా, మలుపు తిరుగుతుందా, లేకపోతే కేబుల్ కాలవ దాటాలా? క్రేను, ఇనప గొట్టాలు లేపే చోట 11 కేవీ లైను ఎక్కడుంది? దీనికి లైన్‌మన్‌ని రెక్కీకే పిలవాలి.

ఊరి కరెంటు మీద వెలిగే లైట్లు ఫ్రేములో ఉంటే ఫ్లికర్, అంటే తెర మీద కనిపించే మిణుకు, చూడాలి. మన సప్లై 50 హెర్ట్జ్, చోకు ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంది. 24 ఫ్రేముల దగ్గర 180 డిగ్రీల షట్టర్ అంటే ఒక్కో ఫ్రేము వెలుగు పట్టేది సెకనులో 48వ వంతు, అందులో ఆ మిణుకులు పూర్ణసంఖ్యలో పట్టవు. 172.8 డిగ్రీలు పెడితే 50వ వంతు, సరిగ్గా రెండు మిణుకులు. 48 ఫ్రేముల స్లోమోషన్‌కి కూడా 172.8 పెడితే 100వ వంతు, ఒక మిణుకు. 120 ఫ్రేములకి ఈ లెక్క అసాధ్యం, 100వ వంతు సెకను ఆ ఫ్రేములోనే పట్టదు. పెళ్ళి పందిట్లో సీరియల్ లైట్లు, చవక ఎల్ఈడీ బల్బులు అయితే ఏ లెక్కకీ లొంగవు. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ ఏ లైట్లు కొంటోందో అడిగి, ఒక దండ తెప్పించి, అనుకున్న ఫ్రేమ్ రేట్లన్నిటిలో ఒక్కొక్క నిమిషం తీసి పెద్ద మానిటర్‌లో చూడాలి. ఖర్చు రెండు వందల రూపాయల దండ.

ఇప్పుడు కెమెరా. పైన రాసినవన్నీ తేలాక లిస్టు దానంతటదే వస్తుంది. మేలో ఆరుబయట అని తేలింది కదా. ఐఎస్ఓ 800, షట్టర్ 50వ వంతు అయితే నిండు ఎండలో ఎఫ్64 దగ్గర, అంటే లెన్సు రంధ్రం బాగా చిన్నది చేస్తే, ఎక్స్‌పోజర్ సరిపోతుంది. రంధ్రం పెద్దగా తెరిచి టీ2.8లో తీయాలంటే 9 స్టాపులు కోయాలి, అంటే ఎన్‌డీ 2.7 (ఎన్‌డీ అంటే వెలుగు తగ్గించే ఫిల్టర్, ప్రతి 0.3కి ఒక స్టాపు). అలెక్సా మినీ ఎల్ఎఫ్ కెమెరాలో లోపలున్న ఎన్‌డీ 1.8 వరకే. మిగతా 0.9 లెన్సు ముందు బిగించే మ్యాట్‌బాక్స్‌లో వేయాలి. అది నాసిరకందైతే ఇన్‌ఫ్రారెడ్ వడకట్టదు, నల్ల సిల్కు పంచె ఇటుకరంగులోకి తిరుగుతుంది. రెంటల్‌లో టెస్ట్ రోజున నల్ల సింథటిక్ గుడ్డ ఒకటి ఎండలో ఆరేసి, వచ్చిన ప్రతి ఫిల్టరూ దాని మీద చూడాలి. లెన్సులు ఒక్కొక్కటీ ఫుల్ ఓపెన్‌లో చార్టు మీద, ఫోకస్ స్కేలు మీద గీత సరిగ్గా కూర్చుందా అని చూసి, మూలల పదును చూసి, నంబరుతో రాసుకోవాలి. షూటింగ్ రోజున అదే సెట్ వచ్చిందా అని చూసుకోవడానికి ఆ నంబర్లే ఆధారం.

డేటా లెక్క నిర్మాతకి చెప్పడం కూడా మన పనే. మినీ ఎల్ఎఫ్‌లో ఓపెన్ గేట్ ఆరీరా (సెన్సర్ మొత్తం వాడి, కుదించకుండా రాసే ఫార్మాట్) 24 ఫ్రేములకి సెకనుకి దాదాపు 500 ఎంబీ, గంటకి 1.8 టీబీ. రోజుకి రెండు గంటల ఫుటేజి అనుకుంటే 3.6 టీబీ. మూడు కాపీలంటే 11 టీబీకి దగ్గర. సెకనుకి 200 ఎంబీ రాసే మామూలు హార్డ్‌డిస్కు మీదకి ఆ 3.6 టీబీ ఎక్కడానికే 5 గంటలు, కాపీ తేడా లేకుండా ఎక్కిందా అని చెక్‌సమ్‌తో సరిచూడడానికి ఇంకో అంత. ప్యాకప్ సాయంత్రం 6.30కి అయితే డేటా చూసుకునే డీఐటీ నిద్రపోయేదెప్పుడు? వేగమైన డ్రైవులు కొనాలి, లేదా కుదించి రాసే ప్రోరెస్‌కి దిగాలి. కార్డులు మర్నాటికి ఖాళీ అవ్వాలని కాపీ సరిచూడకుండానే ఫార్మాట్ కొట్టే అలవాటు ఇలాంటి లెక్క వేయని యూనిట్లలోనే మొదలవుతుంది.

"డీఐలో చూసుకుందాం", అంటే షూటింగ్ అయ్యాక కంప్యూటర్‌లో రంగులు సరిచేసేటప్పుడు చూసుకుందాం, అన్న మాట ఈ మొత్తానికి ఎదురు నిలబడే వాదన. మంచి కలరిస్టు నిజంగానే అద్భుతాలు చేస్తాడు. రంగు మారుస్తాడు, చర్మం సరిచేస్తాడు, ఆకాశాన్ని కాస్త దించుతాడు. కానీ నీడ పడ్డ దిక్కు మార్చలేడు. కరిగి తెల్లబడిపోయిన ఆకాశంలో లేని మబ్బుని లాక్కురాలేడు. మధ్యాహ్నపు కళ్ళ గుంటల్ని లేపితే నాయిస్ కూడా లేస్తుంది. ఆ ఒక్కో షాటుకీ ముఖం మేరకే మారేలా విండో వేసి, అది ముఖంతో పాటు కదిలేలా ట్రాక్ చేస్తూ కూర్చుంటే సినిమా మొత్తానికి అనుకున్న డీఐ రోజులు రెండు రీళ్ళకే చెల్లిపోతాయి. కలరిస్టుని చివర్లో కాక ముందే పిలవడం సగం ఖర్చుతో అయిపోతుంది: ఆర్టిస్టులు, కాస్ట్యూములు, ఆర్ట్‌వాళ్ళు వేయబోయే గోడరంగు ముక్కలు, అన్నీ ఎండలో, నీడలో, రాత్రి లైటులో ఒక రోజు తీసి, ఆ ఫుటేజి మీద ఒక లట్ (రంగులు ఎలా కనిపించాలో చెప్పే ఫైలు) కట్టి, మొదటి రోజు నుంచి మానిటర్‌లో అదే వాడాలి. అదే టెస్ట్‌లో కొత్త సున్నం కొట్టిన గోడ ముందు చామనఛాయ ముఖం ఎంత మునిగిపోతుందో ఆర్ట్ డైరెక్టర్ స్వయంగా చూస్తాడు. సున్నంలో కాస్త పసుపుమట్టి కలపమని అప్పుడు వేరే చెప్పనక్కర్లేదు.

"అంత ప్లాన్ చేస్తే లొకేషన్‌లో స్పాంటేనిటీ చచ్చిపోతుంది" అనేవాళ్ళతో నాకు పేచీ ఉంది. దర్శకుడు అప్పటికప్పుడు షాటు మార్చాలంటే ఖాళీ టైము ఉండాలి, వెలిగే లైటు ఉండాలి. రెండూ లేని చోట మిగిలేది హడావుడి. అదాటున మబ్బు పట్టింది, పడమటి సీను పోయింది అనుకోండి. అప్పుడు లోగిలి సీను రెడీగా ఉందా, దానికి కావాల్సిన ఆర్టిస్టు ఊళ్ళోనే ఉన్నాడా అన్నదే ప్రశ్న. మే నెల సాయంత్రాలు ఉరుములతో వాన పడడం కొత్తేమీ కాదు కాబట్టి షెడ్యూల్‌లో ప్రతి బయటి సీను పక్కనా దానికి మారుగా ఒక లోపలి సీను నంబరు ఉండాలి.

చివరగా డబ్బు. మన దగ్గర సినిమాటోగ్రాఫర్‌కి ఎక్కువగా సినిమాకింత అని ఇస్తారు, ప్రీ-ప్రొడక్షన్ రోజులకి విడిగా లెక్క ఉండదు. ఉచితంగా చేసే పని కాబట్టే అందరూ కుదించేస్తారు, అతను కూడా. అగ్రిమెంట్‌లో విడిగా రాయించుకోవాల్సినవి: షెడ్యూల్ వేసే మీటింగులకి పిలవడం, దర్శకుడితో ఒక రెక్కీ, చీఫ్ లైట్‌మన్, ఆర్ట్ డైరెక్టర్, జనరేటర్ ఆపరేటర్, సౌండ్ మనిషి అందరితో కలిసి ఇంకో టెక్నికల్ రెక్కీ, రెంటల్‌లో రెండు రోజుల టెస్ట్, ఒక రోజు లుక్ టెస్ట్, కలరిస్టుతో ఒక రోజు. నిర్మాత బేరమాడితే దర్శకుడితో వెళ్ళే రెక్కీని ఫోటోలతో సర్దుకోవచ్చు. టెక్నికల్ రెక్కీ మాత్రం వదులుకోకూడదు, ఎందుకంటే వంతెన వెడల్పు కొలిచేది దాంట్లోనే.